గంజి వార్చే ఎత్తు

దేవుడు నన్ను కట్టేటప్పుడు సిమెంటు అయిపోయి ఉంటుంది. పునాది బాగానే తీశాడు, గోడలూ లేపాడు. కిటికీల మట్టం దాకా వచ్చేసరికి ఏం తోచిందో, అక్కడే స్లాబు పోసేసి చేతులు కడుక్కున్నాడు. నా ఎత్తు మీద నాకంటే ముందు ఇంకెవరూ జోకు వెయ్యకూడదని నాకో నియమం. అందుకే ముందే చెప్పేశాను.

చదువు కూడా ఆ ఎత్తుకే ఆగింది. ఆరో క్లాసులో లెక్కల మేష్టారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నారు. ఎక్కాను. ఎక్కినా వెనక కూర్చున్న వాళ్ళకి బోర్డు చక్కగా కనబడుతూనే ఉంది. శిక్ష పనిచెయ్యడం లేదని ఆయనకీ, చదువు పనిచెయ్యడం లేదని నాకూ ఒక్కసారే అర్థమైపోయింది. ఆ తరవాత తాపీ పట్టాను. వన్ టౌన్ సందుల్లో పాత ఇళ్ళ గోడలకి అతుకులు వేస్తూ మొదలుపెట్టి, సీతమ్మధారలో కొత్త మేడలకి పూత పూసి, ఎనభైల మొదట్లో గాజువాక దాటాక కొండ పక్కన క్వార్టర్లు కడుతున్న ఒక కంట్రాక్టరు దగ్గర చేరాను. అక్కడ నా పనికి కాదు, నా పొట్టితనానికి గిరాకీ వచ్చింది. ఆ సంగతే చెప్తాను.

ఆ రోజుల్లో ఊరంతా ఇటికల లారీలే. శ్రీకాకుళం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం ఉద్యోగాలకి దిగుతున్నారు. దిగినవాళ్ళకి ఇళ్ళు కావాలి. మేం ఒకటే కట్టడం. మా పెద్ద మేస్త్రిది తగరపువలస దగ్గర పల్లె. కొబ్బరి చెట్టుకి లుంగీ కట్టినట్టు ఉండేవాడు. గోడ లేపితే చీమ కూడా తిన్నగా ఎక్కాల్సిందే, అంత తిన్నగా లేపేవాడు. కానీ టేపు అంటే పడదు. కిటికీ రొమ్ము కాడికి, అలమార నెత్తి కాడికి, వంటగట్టు మొల కాడికి. ఇవీ ఆయన లెక్కలు. టేపు ఎందుకు పట్టవు మావా అని అడిగితే, "టేపు సాగుద్దిరా. నాను సాగుతానేటి?" అనేవాడు.

అప్పటిదాకా ఆ లెక్క మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. దానికో కారణం ఉంది, అది మాకు తరవాత తెలిసింది. ఆయన అంతకుముందు నిలబడి వండే గట్లు కట్టింది సీతమ్మధార మేడల్లో. ఆ మేడల్లో వండేది వంటవాళ్ళు, గుండిగని ఒంటిచేత్తో దించే మగవాళ్ళు. ఇంటావిడ వంటగదిలోకి వచ్చేది ఇవాళ ఏం కూరో చెప్పడానికే. మాటకి గట్టు ఎత్తుతో పనేముంది?

పని చూసే కుర్ర ఇంజనీరు గోదావరి జిల్లా మనిషి. మర్యాదస్తుడు, మమ్మల్ని కూడా మీరు అనేవాడు. మొదటి ఇంట్లో గట్టు ఎంత ఎత్తు ఉండాలో గోడ మీద సుద్దతో గీత గీసి, పెళ్ళికి సెలవు పెట్టి ఊరెళ్ళాడు. మేస్త్రి ఆ గీత పక్కన నిలబడ్డాడు. గీత ఎక్కడో ఆయన తొడ దగ్గర ఆగింది. పెళ్ళి తొందరలో తప్పు గీసేశాడులే పాపం అని, మొల కాడికి కట్టించేశాడు. ఇంజనీరు కొత్త పెళ్ళికొడుకై తిరిగొచ్చేసరికి వరసంతా గట్లు లేచి, వాటి మీద కడపరాళ్ళు కూడా పరుచుకున్నాయి. ఆయనా పొడుగే. చూసి, బాగున్నాయనుకుని వెళ్ళిపోయాడు.

ఇక కాపురాలు దిగాయి. మేం వెనక వరస కడుతుంటే ముందు వరసలో వంటలు. కుళాయి తిరగడం లేదనో, తలుపు బిగుసుకుందనో పిలిస్తే లోపలికి వెళ్ళేవాళ్ళం. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళు మామీద జానెడు ఎత్తులోంచి మాట్లాడేవారు. ఒకావిడ పీట మీద, ఒకావిడ బోర్లించిన కుంచం మీద, ఒకావిడ మా ఇటికలే తెచ్చి పేర్చుకుని వాటి మీద. కొత్త ఇంటి నీళ్ళు పడి ఎదిగినారమ్మా అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. వాళ్ళూ నవ్వేవారు. ఒకరోజు ఇటికల మీద నిలబడి గంజి వారుస్తున్న ఆవిడ కాలు జారి, ఉడుకు గంజి పాదాల మీద పడి, బొబ్బలెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ రోజుతో నవ్వులు ఆగిపోయాయి.

ఇప్పటి పిల్లలకి గంజి వార్చడమంటే తెలీదు. అన్నం ఉడికాక గిన్నె మీద మూత బిగించి, గుడ్డతో పట్టుకుని వంచుతారు. అన్నం లోపల ఉండాలి, నీళ్ళు బయటికి రావాలి. నడుము ఎత్తులో వంచితే ఆ గిన్నె మాట వింటుంది. రొమ్ము ఎత్తులో వంచితే వినదు.

మర్నాడు ఆడవాళ్ళంతా ఎవరి పీట వాళ్ళు పట్టుకొచ్చి కంట్రాక్టరు షెడ్డు ముందు వరసగా పడేశారు. పెళ్ళి బంతికి వేసినట్టున్నాయి. ఇంజనీరు వచ్చి ఇల్లిల్లూ చూశాడు, ముఖం ఎర్రబడింది. మేస్త్రిని పిలిచి అడిగితే ఆయన అంతమంది ఆడవాళ్ళ ముందు నిలబడి, గట్టు సరిగ్గానే ఉంది, ఆళ్ళే పొట్టి అన్నాడు. నేను పక్కకి తిరిగి, మావా, అత్తయ్య నీ సంకలోకి కూడా రాదు, మరి ఎవరికోసం కట్టినావు అని మెల్లిగా అడిగాను. ఆయన నా వైపు చూసిన చూపుకి తడి పూత ఆరిపోయేది.

గట్లన్నీ కొట్టి దించాలని తేలింది. ఎంతకి దించాలి? ఇంజనీరు జేబులోంచి టేపు తీశాడు. తీసి, అంతమంది ఆడవాళ్ళని చూసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. పరాయి ఆడవాళ్ళ నడుముకి టేపు పట్టడం ఆ పెళ్ళికొడుకు వల్ల అవుతుందా? అందరూ నేల చూపులు చూస్తుంటే, వాళ్ళలో పెద్దావిడ ఒకామె నన్ను చూపించి, "ఆ బుడ్డోడు మా అంతే ఉన్నాడు కదా బాబూ. ఆడిని నిలబెట్టి కొలుసుకోండి" అంది.

అలా నేను కొలతకర్రనయ్యాను.

ఖాళీ ఇంట్లో నన్ను గోడకి నిలబెట్టి, నా నడుము దగ్గర గీత గియ్యబోతే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరికే నిలబడితే ఏటి తెలుత్తాదని, నా చేతికి ఒక గిన్నె ఇచ్చి, మూత పెట్టి, వార్చమన్నారు. వార్చాను. మోచెయ్యి పైకి లేస్తోంది, గిన్నె ఇంకా దించమన్నారు. ఇంకా వార్చాను. ఇంకొంచెం దించమన్నారు. ఉత్త నీళ్ళే అయినా నాకు చెమట పట్టింది. చివరికి పెద్దావిడ అక్కడ గియ్యండి అంది. గీత పడింది. చూస్తే అది ఇంజనీరు మొదటి ఇంట్లో గీసిన గీత ఎత్తుకి అటూ ఇటూగానే ఉంది. ఆయన మంచివాడు, ఆ మాట ఎత్తలేదు.

ఇక రోజూ కొట్టడం, కట్టడం. మేస్త్రి తలవంచుకుని పనిచేశాడు. తప్పైపోయిందన్న మాట ఆయన నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. పైగా దించిన ప్రతి గట్టునీ చూసి, పిల్లలాడుకునే బొమ్మరిల్లులా ఉందని గొణిగేవాడు. పెద్దాఫీసర్లు చూడ్డానికి వస్తారని, ఈసారి అన్ని గట్లూ ఒక్క ఎత్తులో ఉండకపోతే మొత్తం పనే పోతుందని ఇంజనీరు గట్టిగా చెప్పాడు. మొదటిసారి ఆయన గొంతులో మర్యాద కొంచెం తగ్గింది.

వరస చివరి ఇంటికి వచ్చాం. ఆ ఇంటావిడ పీటల గొడవ రోజున రాలేదు. ఎందుకో లోపలికి వెళ్ళాక తెలిసింది. చిన్నప్పుడు జొరమొచ్చి ఒక కాలు చచ్చుబడింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒంగి ఒంగి నడుస్తుంది. నిలబడి వండడం ఆమె వల్ల కాదు. పీట ఎక్కినా గట్టు దించినా ఆమెకి ఒరిగేది లేదు. గట్టు కింద నేల మీద కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని వండుకుంటోంది. నీళ్ళకి పైనున్న కుళాయి, ఉప్పుకి పైనున్న అలమార. ఏది కావాలన్నా గోడ పట్టుకుని లేవాలి. గంజి వార్చాలంటే గిన్నెని నేల మీద జరుపుకుంటూ పెరటి గుమ్మం దాకా దేకాలి.

ఆ ఇంటి పని మొదలయ్యాక మా టీ కూడా అక్కడే, అందుకని కబుర్లు నడిచేవి. వాళ్ళాయన ఒక కంపెనీలో వెల్డరు. అంతకుముందు వన్ టౌన్‌లో ఒంటిగది అద్దెకి ఉండేవారు. ఆ గదిలో గుమ్మం పక్కనే పొయ్యి, చెయ్యి చాపితే బియ్యం డబ్బా, ఇంకాస్త చాపితే నీళ్ళ బిందె. కూర్చున్న చోటినుంచే వంట చేస్తూ సందులో వెళ్ళేవాళ్ళందరినీ పలకరించేదట. ఈ ఇల్లు దానికి మూడింతలు. కుళాయి ఉంది, వరసలో నిలబడక్కర్లేని మరుగుదొడ్డి ఉంది, వాళ్ళాయనకి కొత్త ఇల్లంటే గొప్ప. అయితే వాళ్ళత్త వచ్చి, కోడలు నేల మీద దేకడం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, అమావాస్య వెళ్ళాక వచ్చి ఉండిపోతాను, వంటంతా నేనే చూసుకుంటాను, నువ్వు ఊరికే కూర్చోమ్మా అని వెళ్ళిందట.

మంచిదే కదమ్మా అన్నాను.

"మంచిదేలే బాబూ. ఆ మంచితోనే నా పొయ్యి అట్టుకుపోద్ది. ఒకపాలి కూకోబెట్టినాక మళ్ళీ నెగనిత్తారేటి?"

గొంతు పెంచలేదు. గ్లాసులు కడుక్కుంటూ అంది. అంతకన్నా వివరం నాకు అక్కర్లేకపోయింది. మా అమ్మకి చూపు తగ్గిన ఏడాది మా వదినలు ఇలాగే ప్రేమగా ఆవిడ చేతిలో గరిటె తీసేసుకున్నారు. ఆ తరవాత ఇంట్లో ఆవిడ్ని ఎవరూ ఏదీ అడగలేదు.

ఆమె కోరింది చిన్నదే. పెరటి గుమ్మం వైపు గట్టు ముక్క ఒకటి కొట్టేసి, అక్కడ కూర్చుని వండేలా కిందకి కట్టమంది. మేస్త్రి కుదరదన్నాడు. అన్నీ ఒక్క ఎత్తులో ఉండాలి, ఇప్పటికే నా పేరు సెడిపోనాది అన్నాడు. మాట తేలిక చేద్దామని నేను, పొట్టి గట్టైతే ఆఫీసర్లు ఒంగి చూడాలమ్మా, ఆళ్ళకి నడుములు పట్టేస్తాయి అన్నాను. ఆమె నవ్వింది. నవ్వు అయ్యాక నన్నే చూస్తూ, "ఆళ్ళందరికీ నిలబడి కొలతిచ్చినావు కదా. నాకు కూకుని ఇయ్యి" అంది.

మేస్త్రి ఏమంటాడో అని చూశాను. కొలతకి కూర్చుంటే పోయిందేముంది, కట్టేది మాత్రం లేదు అన్నాడు.

మర్నాడు పొద్దున్న వెళ్ళి కూర్చున్నాను. ఉత్త గిన్నె ఇస్తుందనుకున్నాను. బియ్యం ఇచ్చింది, స్టవ్వు వెలిగించమంది. ఒక కాలు తిన్నగా చాపమంది, అన్నం అయ్యేదాకా ఆ కాలు మడవకూడదు, లేవకూడదు అంది. తను గుమ్మంలో కూర్చుంది. బియ్యం కడగడానికి నీళ్ళు కావాలి, కుళాయి నా నెత్తి మీద. చెయ్యి చాపితే గోడ తగిలింది. దేక్కుంటూ బిందె దగ్గరికి వెళ్ళాను. మసిగుడ్డ కావాలి, మళ్ళీ దేకాను. మధ్యాహ్నం కాకుండానే సముద్రం గాలి పెరటి తలుపులోంచి వచ్చి రెండుసార్లు స్టవ్వు ఆర్పింది. అంతసేపూ జోకులు వేస్తూనే ఉన్నాను కానీ, ఒక్కొక్కటీ కురచైపోతోంది, నాలాగే.

అన్నం ఉడికింది. మూత బిగించి, గుడ్డ పట్టి, పళ్ళెంలోకి వంచాను. కూర్చుని వంచితే గిన్నె మన ఒళ్ళోకే చూస్తుంది. పళ్ళెం నిండింది, పొర్లింది, ఉడుకు గంజి నేల మీద పాకి నా లుంగీ అంచు అందుకుంది. నేను కేక వేసి ఎగిరి అవతల పడ్డాను.

ఆమె నవ్వలేదు.

"నువ్వు నెగిసినావు. నాను నెగలేను కదా" అంది.

వెనక చూస్తే పెరట్లో మేస్త్రి. నన్ను పనిలోకి తిట్టి తీసుకుపోదామని వచ్చినట్టున్నాడు, ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలీదు. అట్నుంచటే వెళ్ళిపోయాడు. ఉలి, సుత్తి పట్టుకుని తిరిగొచ్చి, గుమ్మం వైపు కడపరాయి మీద మొదటి దెబ్బ ఆయనే వేశాడు.

జీవితంలో ఆయన అంత జాగ్రత్తగా కట్టిన గోడ ఇంకోటి నేను చూళ్ళేదు. నన్ను కూర్చోబెట్టి మోచెయ్యి ఎక్కడ ఆగుతుందో చూశాడు. నా మాట వదిలేసి ఆమెని కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు. మోకాలి కన్నా కిందకి చిన్న గట్టు. దాని పక్కన వాలుగా ఒక పళ్ళెంలా చెక్కి, పెరటి కాలవలోకి తూము. గిన్నె ఎత్తక్కర్లేదు, గట్టు మీదనుంచి ఒరిగిస్తే చాలు, గంజి దారి గంజిదే. కుళాయికి చిన్న గొట్టం అతికించి కిందకి దించాం. చెయ్యి చాపిన మేరలో గోడలో ఒక గూడు. గాలి స్టవ్వుకి తగలకుండా అడ్డంగా ఒక ఇటికల వరస. అది మాత్రం ఆమె రెండుసార్లు తగ్గించింది. ఎందుకమ్మా అంటే, కూర్చుంటే పెరటి అవతల వీధి కనబడాలి అంది.

చేతులు కడుక్కుంటుంటే ఇంజనీరు వచ్చాడు. ఆఫీసర్లు వచ్చే ముందు అన్నీ చూసుకుందామని టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. వంటగదిలో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాడు. సగం గట్టు పైన, సగం కింద. ఆమె పీట మీద కూర్చుని కొంగు నలుపుకుంటోంది. ఆయన పడగొట్టమంటే పడగొట్టాల్సిందే. అమావాస్య దగ్గరికొచ్చేసింది.

మేస్త్రి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కొలత తప్పింది బాబూ" అన్నాడు.

మొల ఎత్తుకి కట్టాల్సింది మోకాలి ఎత్తుకి ఎలా తప్పుతుంది మేస్త్రి గారూ అని అడిగాడు ఇంజనీరు. వయసైపోనాది, కళ్ళు ఆనట్లేదు అన్నాడు ఈయన. దూరంగా పరంజా మీది ఇటిక పగులు చూసి చెప్పే మనిషి. వరసంతా తప్పు కట్టి, ఆడవాళ్ళు పీటలు తెచ్చి పడేసినా ఒక్క ముక్క ఒప్పుకోని మనిషి, చెయ్యని తప్పుకి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంజనీరు ఒంగి తూము చూశాడు. దించిన కుళాయి తిప్పి చూశాడు. ఆమె కాలు చూసి చూపు తిప్పుకున్నాడు. తరవాత నా లుంగీ మీద ఎండి అట్టకట్టిన గంజి కూడా చూశాడు.

"గట్టు తప్పినా తూము మాత్రం తప్పలేదు" అన్నాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, ఇప్పుడు కొట్టి మళ్ళీ కడితే తడి ఆరదు, ఉండనివ్వండి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇవాల్టినుంచి మేస్త్రి గారికి వంటగదులు వద్దు, ప్రహరీ గోడ చూసుకుంటారు అని. ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక శిక్ష ఉండాలి కదా. మాకందరికీ అర్థమైంది. అయినా అది శిక్షే. ఆ పని అయ్యేదాకా ఆయన ఇళ్ళ లోపలికి రాలేదు, ఎండలో ప్రహరీ లేపుకుంటూ పోయాడు.

నేను ఊరుకుంటానా? మధ్యాహ్నం అన్నాల దగ్గర, నిజం తప్పు ఒప్పుకోనోడివి అబద్ధం తప్పు ఎలా ఒప్పుకున్నావు మావా అని కెలికాను. ఉల్లిపాయ కొరుకుతూ, "అది తప్పు కాదు కదరా. కానిదాన్ని తప్పని సెప్పుకోడానికి సిగ్గేటి?" అన్నాడు.

ఆఫీసర్లు వచ్చారు. మొదటి రెండు ఇళ్ళు చూసి, కొబ్బరి నీళ్ళు తాగి, చాలా బాగుందని వెళ్ళిపోయారు. చివరి ఇంటిదాకా ఎవరూ రాలేదు. అమావాస్య వెళ్ళాక అత్తగారు మూట పట్టుకుని దిగింది. కొన్నాళ్ళు కోడలి పక్కన కూర్చుని కూరలు తరిగింది, కోడలు వండినది తింది, ఇక్కడ నాకు పనేటి నేదు అని తన గేదెల దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ సంగతి వెల్డరే ప్రహరీ గోడ దాకా నడిచొచ్చి మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి ఊఁ అని ఇంకో ఇటిక పెట్టాడు.

ఇప్పుడు ఇళ్ళు కట్టుకుంటున్న పిల్లలు నన్ను సలహా అడుగుతారు. టీవీ ఏ గోడకి, సోఫా ఎటు, సముద్రం ఏ కిటికీలోంచి కనబడుతుంది అని. కుక్కర్లొచ్చాక గంజి వార్చే పని లేదు, ఒప్పుకుంటాను. అయినా చేతిలో వేడి గిన్నె పట్టుకుని మీ ఇంట్లో ఒకసారి తిరిగి చూడండి. ఎక్కడ తగులుతుందో, ఎక్కడ దించాలో, ఎవరు తప్పుకోవాలో తెలుస్తుంది. ఆ ఇంట్లో సుఖం ఎంతో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంత బోధ చేసే హక్కు నాకుందా అంటే, అదే చెప్పబోతున్నాను.

కొన్నేళ్ళకి పూర్ణా మార్కెట్లో మా ఆవిడతో కలిసి కూరలు కొంటుంటే, వెనకనుంచి ఎవరో కొలతబాబూ అని పిలిచారు. ఆమే. మోకాలి మీద చెయ్యి అలాగే ఉంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. మా ఆవిడని చూసి సంబరపడి, వంకాయలు ఏరుకుంటూనే కథంతా చెప్పింది. నేను బియ్యం ఎలా కడిగానో, స్టవ్వు ఆరిపోతే ఎన్ని తిట్లు తిట్టానో, అన్నం ఎలా వార్చానో. నేనూ ఊరుకోలేదు. ఆ ఇంట్లో కొలత నాదేనని, నేను వండి చూడబట్టే ఆ వంటగది అంత సుఖంగా కుదిరిందని, మార్కెట్టంతా వినేలా చెప్పుకున్నాను.

మా ఆవిడ అంతా విన్నది. సంచీ భుజం మార్చుకుని ఆమెతో అంది:

"మీ ఇల్లే నయమమ్మా. మా వంటింట్లో ఈయన ఇంకా కొలత తియ్యనేదు."